వేరు కాలువలో నీరు: రూట్ కెనాల్ సీలర్లను ఎలా పోల్చాలి

ఈ సభకు వచ్చిన దంతవైద్య మిత్రులకు, విద్యార్థులకు, మా వృత్తికి చెందకపోయినా ఆసక్తితో వచ్చి కూర్చున్న పెద్దలకు నమస్కారం. రూట్ కెనాల్ చికిత్సలో వాడే సీలర్లను పోల్చి మాట్లాడమని నన్ను అడిగారు. ఈ అంశం మీద మాట్లాడేవారు మామూలుగా ఒక పెద్ద పట్టిక గీస్తారు. ఎడమ పక్కన పదార్థాల పేర్లు, పైన గుణాల పేర్లు రాసి, ఒక్కో గడిలో ఒకటో రెండో ప్లస్ గుర్తులు వేసి, దేనికి ఎక్కువ గుర్తులు వస్తే దాన్ని విజేతగా ప్రకటిస్తారు. విద్యార్థిగా ఉన్నప్పుడు నేనూ అలాంటి పట్టికలను బట్టీపట్టి పరీక్షలు గట్టెక్కినవాడినే. ఇన్నేళ్ల తర్వాత నాకు తోచినదేమిటంటే, ఆ గడులన్నిటి వెనుకా దాగి ఉన్న ప్రశ్న దాదాపుగా ఒకటే. ఈ పదార్థం నీటితో ఎలా మసలుకుంటుంది? గట్టిపడటానికి దానికి నీరు కావాలా, నీరు తగిలితే అది చెడుతుందా, గట్టిపడిన తర్వాత నీటిలో కరుగుతుందా, కరిగితే ఆ కరగడం మేలా కీడా? ఈ రోజు పట్టిక పక్కన పెట్టి, ఈ ఒక్క ప్రశ్న వెంటే నడుస్తాను.

వృత్తికి బయటివారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. పంటి లోపల వేరు చివరి దాకా సన్నని కాలువ ఉంటుంది. అందులో రక్తనాళాలు, నరాలు ఉన్న మెత్తని కణజాలం, అంటే దంతమజ్జ ఉంటుంది. పుచ్చు లోతుకు పోయి ఆ మజ్జ చెడిపోయినప్పుడు దాన్ని తీసివేసి, కాలువను సన్నని ఫైళ్లతో వెడల్పు చేసి, సోడియం హైపోక్లోరైట్ వంటి ద్రావణాలతో కడిగి, ఆరబెట్టి, పూడ్చివేస్తాం. పూడ్చడానికి ముఖ్యంగా వాడేది గట్టాపెర్చా అనే చెట్టుపాల పదార్థం. 1867లో బౌమన్ దీన్ని వేరు కాలువలో వాడినప్పటి నుంచి, దాన్ని పదవి నుంచి దించుదామని ఎందరో ప్రయత్నించినా, అది తన చోట అలాగే కూర్చుంది. తమాషా ఏమిటంటే, మనం గట్టాపెర్చా పుల్ల అని పిలిచేదానిలో గట్టాపెర్చా అయిదో వంతుకు మించదు. మిగిలినదానిలో అత్యధిక భాగం జింక్ ఆక్సైడే. ఈ పుల్ల కాలువలో చక్కగా ఒదుగుతుంది గానీ, పంటి గోడకు, అంటే డెంటిన్‌కు, అంటుకోదు. వేడి చేసి కుదిస్తే చల్లారేటప్పుడు కొద్దిగా ముడుచుకుంటుంది కూడా. పుల్లకూ గోడకూ మధ్య, పుల్లకూ పుల్లకూ మధ్య మిగిలే సందులను నింపేదే సీలర్. ఇటుకల మధ్య సున్నం చేసే పని అది చేస్తుంది.

ఆ సందులోకి నీరు మూడు దిక్కుల నుంచి వస్తుంది. కింద, వేరు కొన దగ్గర, ఎముకలోని కణజాల ద్రవం ఉంటుంది. పక్కన డెంటిన్ ఉంది. చూడటానికి పొడిగా కనిపించే ఈ పదార్థంలో ఘనపరిమాణం లెక్కన సుమారు 20 శాతం నీరే. ఆ నీరు వేల సంఖ్యలో ఉన్న సూక్ష్మనాళికలలో నిలిచి ఉంటుంది. ఇక పైన లాలాజలం. పైన వేసిన ఫిల్లింగో క్యాపో కారితే, ఈ మూడో దిక్కే అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ఎందుకంటే అది నీటితో పాటు బాక్టీరియానూ వాటికి కావలసిన తిండినీ మోసుకొస్తుంది. 1990లో వచ్చిన ఒక ప్రయోగశాల అధ్యయనంలో, కాలువలు పూడ్చి పైభాగం మూయకుండా వదిలిన పళ్లలో సగానికి పైగా, ఒక రకం బాక్టీరియా విషయంలో 19 రోజులకు, ఇంకో రకం విషయంలో 42 రోజులకు, పై నుంచి కొన దాకా కలుషితమయ్యాయి. కాబట్టి సీలర్‌ను పొడి ప్రదేశంలో పెడుతున్నామనుకోవడం మన భ్రమ. జీవితాంతం తడిలో నిలబడవలసిన పదార్థాన్ని ఎంచుకుంటున్నాం.

ఆదర్శమైన సీలర్‌కు ఏ గుణాలుండాలో లూయీ గ్రాస్‌మన్ చెప్పిన జాబితాను మీరంతా చదివే ఉంటారు. కలిపినప్పుడు జిగటగా ఉండి గోడకు పట్టుకోవాలి, మెల్లగా గట్టిపడాలి, ముడుచుకోకూడదు, పంటికి మరక పట్టించకూడదు, బాక్టీరియాను పెరగనీయకూడదు, కణజాలానికి హాని చేయకూడదు, కణజాల ద్రవాలలో కరగకూడదు, అవసరమైనప్పుడు మాత్రం మామూలు ద్రావణిలో కరిగి బయటికి రావాలి. ఇన్నీ ఒకే పదార్థంలో ఎందుకు కుదరవో ఆలోచిస్తే మళ్లీ నీటి దగ్గరికే వస్తాం. బాక్టీరియాను చంపాలంటే పదార్థం నుంచి ఏదో ఒకటి బయటికి విడుదల కావాలి. విడుదల కావాలంటే అది ఎంతో కొంత కరగాలి. కరగకుండా రాయిలా ఉండే పదార్థం ఎవరికీ హాని చేయదు, మేలూ చేయదు. ఈ వైరుధ్యాన్ని మనసులో పెట్టుకుంటే సీలర్ల చరిత్ర అంతా సులువుగా అర్థమవుతుంది. అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 6876 ఈ వైరుధ్యానికి ఒక హద్దు గీసింది. నిర్ణీత పరీక్షలో సీలర్ బరువులో 3 శాతానికి మించి కరగకూడదు, పొర మందం 50 మైక్రాన్లు దాటకూడదు, ఎక్స్‌రేలో కనీసం 3 మిల్లీమీటర్ల అల్యూమినియంకు సమానమైన తెలుపు కనిపించాలి, గాజుపలకల మధ్య ఒత్తినప్పుడు కనీసం 17 మిల్లీమీటర్ల వ్యాసానికి పరుచుకోవాలి. ఆ 3 శాతం సంగతి తర్వాత మళ్లీ ఎత్తుతాను, ఎందుకంటే అందులో ఒక చిక్కు ఉంది.

మొదట పాత మిత్రుడైన జింక్ ఆక్సైడ్ యూజినాల్ సంగతి చూద్దాం. లవంగ నూనెలో ప్రధానంగా ఉండే యూజినాల్‌ను జింక్ ఆక్సైడ్ పొడితో కలిపితే జింక్ యూజినోలేట్ ఏర్పడి గట్టిపడుతుంది. ఈ చర్య మొదలు కావడానికి కొద్దిపాటి నీరు తప్పనిసరి. అందుకే తేమ ఎక్కువగా ఉన్న రోజున కలిపిన ముద్ద మన చేతుల్లోనే తొందరపడి బిగుసుకుంటుంది. విచిత్రం ఏమిటంటే, దీన్ని పుట్టించిన నీరే దీన్ని విప్పుతుంది కూడా. నీరు తగులుతున్నంత కాలం ఆ బంధాలు తిరిగి విడిపోతూ యూజినాల్ కొద్దికొద్దిగా బయటికి వస్తూనే ఉంటుంది. తొలి రోజుల్లో బాక్టీరియాను అణిచేది ఆ యూజినాలే, కొన దాటి ముద్ద బయటికి పోయినప్పుడు కణజాలాన్ని రేపేదీ అదే. 1930ల నాటి రికర్ట్ మిశ్రమంలో ఎక్స్‌రేలో కనిపించడం కోసం వెండి పొడి కలిపేవారు. అది పళ్లను నల్లబరచడంతో గ్రాస్‌మన్ 1958లో వెండి లేని మిశ్రమాన్ని ఇచ్చాడు. ఈ కుటుంబం ఇన్ని దశాబ్దాలు నిలబడిందంటే కారణం దీని నిదానం, దీని చవకదనం, మళ్లీ తీయవలసి వచ్చినప్పుడు ద్రావణులకు ఇది లొంగిపోవడం. నేను చాలా ఏళ్ల కిందట ఈ సీలర్‌తో పూడ్చిన ఒక దవడపంటిని, పైన ఉన్న క్యాప్ అంచు కారడంతో తిరిగి తెరవవలసి వచ్చింది. గట్టాపెర్చా పుల్ల ప్రతిఘటన లేకుండా చేతికి వచ్చింది, సీలర్ ఉండవలసిన చోట తడిసిన సుద్దలాంటి పొడి మిగిలింది. ఆ పంటి విషయంలో తప్పు సీలర్‌ది కాదు, దాన్ని అన్నేళ్లు లాలాజలంలో నానబెట్టిన క్యాప్ అంచుది. అయినా నీరు తగిలితే ఈ పదార్థం ఎంతవరకు నిలుస్తుందో ఆ రోజు నా కళ్లారా చూశాను.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. యూజినాల్ అవశేషాలు రెజిన్ సిమెంట్లు గట్టిపడకుండా అడ్డుపడతాయి. కాలువలో ఫైబర్ పోస్ట్, అంటే క్యాప్‌కు ఆధారంగా నిలిపే సన్నని కడ్డీ, అతికించే ఆలోచన ఉంటే ఈ సంగతి ముందే గుర్తుంచుకోవాలి.

పారాఫార్మాల్డిహైడ్ కలిపిన సీలర్ల గురించి ఎక్కువ మాట్లాడను. కణజాలాన్ని మమ్మీలా మార్చి ఉంచవచ్చునన్న ఆశతో ఒకప్పుడు ఎన్2 వంటి మిశ్రమాలు ప్రచారంలోకి వచ్చాయి. అవి కింది దవడ నరం దగ్గరికి పోతే పెదవి, గడ్డం శాశ్వతంగా మొద్దుబారిన సందర్భాలు నమోదయ్యాయి. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఎండోడాంటిస్ట్స్ వీటి వాడకాన్ని స్పష్టంగా వ్యతిరేకించింది. ఇది పోలికకు నిలబడే వర్గం కాదు.

కాల్షియం హైడ్రాక్సైడ్ సీలర్లలో ఇందాక చెప్పిన వైరుధ్యం నగ్నంగా కనిపిస్తుంది. కాల్షియం హైడ్రాక్సైడ్ ఎముకను నయం చేయడానికి తోడ్పడుతుంది, బాక్టీరియాను చంపుతుంది, దాన్నే సీలర్‌లో కలిపితే ఎంత బాగుంటుందన్న ఆలోచనతో సీలాపెక్స్, అపెక్సిట్ వంటివి వచ్చాయి. కానీ ఆ మేలు జరగాలంటే కాల్షియం, హైడ్రాక్సిల్ అయాన్లు బయటికి రావాలి. అవి వచ్చిన మేరకు లోపల ఖాళీ మిగులుతుంది. మందులా పనిచేస్తే గోడలా నిలవదు, గోడలా నిలిస్తే మందులా పనిచేయదు. కాలువలో తాత్కాలికంగా పెట్టే మందుగా కాల్షియం హైడ్రాక్సైడ్‌కు సాటి దొరకడం కష్టం. శాశ్వతంగా ఉంచే సీలర్‌గా మాత్రం నన్ను ఎన్నడూ ఒప్పించలేకపోయింది.

ఇప్పుడు ఎపాక్సీ రెజిన్ దగ్గర కొంచెం సేపు ఆగుదాం. స్విట్జర్లాండ్‌కు చెందిన ఆంద్రే ష్రోడర్ 1950లలో ప్రవేశపెట్టిన ఏహెచ్ 26 ఈ వంశానికి మూలపురుషుడు. అది గట్టిపడేటప్పుడు కొద్ది మొత్తంలో ఫార్మాల్డిహైడ్ విడుదలయ్యేది, అందులోని వెండి పంటిని రంగు మార్చేది. ఆ రెండు లోపాలనూ సవరిస్తూ రెండు పేస్టుల రూపంలో ఏహెచ్ ప్లస్ వచ్చింది. తయారీదారు లెక్కల ప్రకారం గది ఉష్ణోగ్రతలో సుమారు 4 గంటల పని సమయం, శరీర ఉష్ణోగ్రతలో సుమారు 8 గంటల గట్టిపడే సమయం, 26 మైక్రాన్ల పొర మందం, అర శాతానికి కూడా చేరని కరుగుదల దీని లక్షణాలు. ఇది నీటిని దగ్గరికి రానివ్వని స్వభావం కలది. ఒకసారి గట్టిపడితే నీరు దాన్ని దాదాపు ఏమీ చేయలేదు. చర్య మెల్లగా నడుస్తుంది కాబట్టి ముడుచుకునేటప్పుడు పుట్టే ఒత్తిడి తక్కువ. ఆ లోగా ముద్ద నాళికల్లోకి పారి పట్టు చిక్కించుకుంటుంది. గోడ నుంచి ఊడదీయడానికి ఎంత బలం కావాలో కొలిచే పరీక్షల్లో దీనికి మంచి మార్కులు రావడానికి ఇదే కారణం.

దీని బలహీనత కూడా అక్కడే ఉంది. నీరంటే గిట్టని పదార్థం తడిగోడ మీద పరుచుకోదు. కాలువలో, ముఖ్యంగా కొన వైపు మూడో భాగంలో, నీటి పొర మిగిలి ఉంటే ఎపాక్సీ ఆ పొర మీదే తేలుతుంది. నాళికలలోకి దిగదు. గట్టిపడక ముందు ఇది కణాలకు విషతుల్యమే. గట్టిపడిన తర్వాత ఆ గుణం బాగా తగ్గిపోతుంది. ఎముకతో గానీ డెంటిన్‌తో గానీ దీనికి జీవసంబంధం అంటూ ఏమీ ఉండదు. వచ్చిన అతిథి మర్యాదగా ఒక మూల కూర్చున్నట్టు ఉంటుంది. కొత్త సీలర్ ఏది వచ్చినా దాన్ని ఏహెచ్ ప్లస్‌తో పోల్చడం పరిశోధకులకు అలవాటైపోయింది కాబట్టి దీనికి 'బంగారు ప్రమాణం' అనే బిరుదు వచ్చింది. ఆ బిరుదులో దీని గుణం కొంత, మన అలవాటు కొంత ఉన్నాయని నా అభిప్రాయం. ఈ మధ్య ఇదే పేరుకు 'బయోసిరామిక్' అన్న మాట జోడించి, నేను తర్వాత చెప్పబోయే వేరే కుటుంబానికి చెందిన సీలర్ కూడా బజారులోకి వచ్చింది. డబ్బా మీది పేరును మాత్రమే చూసి రెండూ ఒకటే అనుకోవద్దని విద్యార్థులకు మనవి.

గ్లాస్ అయానమర్ సీలర్ డెంటిన్‌లోని కాల్షియంతో రసాయనికంగా బంధం వేసుకుంటుంది, కాగితం మీద అది గొప్ప గుణం. అయితే అది త్వరగా బిగుస్తుంది, మొదటి దశలో తడికి సున్నితంగా ఉంటుంది, తిరిగి తీయాలంటే ఏ ద్రావణికీ లొంగదు. అందుకే తెర వెనక్కి వెళ్లింది. సిలికోన్ సీలర్లు నీటిలో దాదాపు కరగవు, గట్టిపడేటప్పుడు ముడుచుకోకుండా కొద్దిగా ఉబ్బుతాయి, కణజాలాన్ని రేపవు. డెంటిన్‌ను పట్టుకోవు, బాక్టీరియాను పట్టించుకోవు. వాటి గురించి ఇంతకన్నా చెప్పవలసింది పెద్దగా లేదు.

రెసిలాన్ కథ మాత్రం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన వృత్తి మొత్తం ఒక అందమైన ఊహకు లోబడిన సందర్భం అది. 2004 ప్రాంతంలో, గట్టాపెర్చా బదులు పాలికాప్రోలాక్టోన్ అనే పాలిమర్‌తో చేసిన పుల్లను, దానికి అంటుకునే మెథాక్రిలేట్ రెజిన్ సీలర్‌ను కలిపి ప్రవేశపెట్టారు. పుల్ల సీలర్‌కు, సీలర్ గోడకు అంటుకుని మూడూ ఏకశిలగా మారతాయన్నది వాగ్దానం. 'మోనోబ్లాక్' అన్న ఆ మాటను ఆ రోజుల్లో ప్రతి సదస్సులోనూ విన్నాం. రెండు విషయాలు దాన్ని దెబ్బతీశాయి. పంటి పైభాగంలో ఫిల్లింగ్ వేసేటప్పుడు రెజిన్‌కు ముడుచుకోవడానికి స్వేచ్ఛగా ఉన్న ఉపరితలం కొంత ఉంటుంది. వేరు కాలువ అయితే పొడుగాటి సన్నని గొట్టం. అన్ని వైపులా గోడలే. అంటుకున్న ఉపరితలానికీ స్వేచ్ఛగా ఉన్న ఉపరితలానికీ ఉండే నిష్పత్తి ఫిల్లింగ్‌లో ఒకటి నుంచి అయిదు దాకా ఉంటే, కాలువలో అది వందలు దాటి వేలలోకి పోతుంది. ఆ ఒత్తిడికి అతుకు ఎక్కడో ఒక చోట ఊడిపోక తప్పదు. రెండోది మళ్లీ నీరే. పాలికాప్రోలాక్టోన్ పాలిఎస్టర్ జాతికి చెందినది, నీరూ బాక్టీరియా ఎంజైములూ కలిసి దాని గొలుసులను తెంచగలవు. కొన్నేళ్ల తర్వాత రోగులలో చేసిన పరిశీలనలలో గట్టాపెర్చాతో పూడ్చిన పళ్లకన్నా ఇవి ఎక్కువగా విఫలమయ్యాయని తేలింది. ఆ సరికే పదార్థం బజారు నుంచి తప్పుకుంది. ప్రయోగశాలలో తొలి ఫలితాలు అద్భుతంగా ఉన్న పదార్థం నోట్లో ఎలా ఓడిపోగలదో చూపడానికి నేను విద్యార్థులకు ఇప్పటికీ ఇదే ఉదాహరణ చెబుతాను.

ఇక అందరూ ఎదురుచూస్తున్న బయోసిరామిక్‌ల దగ్గరికి వద్దాం. వీటి మూలం 1993లో టొరాబినెజాద్ బృందం లోమా లిండా విశ్వవిద్యాలయం నుంచి పరిచయం చేసిన ఎంటీఏ (మినరల్ ట్రైఆక్సైడ్ అగ్రిగేట్). అది పోర్ట్‌లాండ్ సిమెంటుకు శుద్ధిచేసిన బంధువు. ఇందాక సీలర్‌ను ఇటుకల మధ్య సున్నంతో పోల్చాను. ఇక్కడ ఆ పోలిక ఉపమానం కాదు, అక్షరాలా నిజం. ట్రైకాల్షియం సిలికేట్ నీటితో కలిసి కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే జిగురు పదార్థంగా మారుతుంది, ఉప ఉత్పత్తిగా కాల్షియం హైడ్రాక్సైడ్ పుడుతుంది. దానివల్ల పరిసరాల పీహెచ్, అంటే క్షారగుణం కొలత, 11, 12 దాకా పెరుగుతుంది. ఆ అయాన్లు కణజాల ద్రవంలోని ఫాస్ఫేట్‌తో కలిసి ఉపరితలం మీద ఎపటైట్ లాంటి స్ఫటికాలను పేరుస్తాయి. ఎముకలో, పంటిలో ఉన్న ఖనిజానికి అది దగ్గరి బంధువు. నీటిని శత్రువుగా చూసిన ఎపాక్సీకి ఇది సరిగ్గా వ్యతిరేకం. ఇది నీటిని తాగి బతుకుతుంది.

ఈ కుటుంబంలోనూ అంతా ఒకే తీరు కాదు. ముందే కలిపి సిరంజిలో వచ్చే రకాలలో నీరు ఉండదు. గట్టిపడటానికి కావలసిన తడిని అవి డెంటిన్ నాళికల నుంచే లాక్కోవాలి. బయోరూట్ ఆర్‌సీఎస్ లాంటివి పొడి, ద్రవం విడివిడిగా వస్తాయి, నీరు తమతోనే తెచ్చుకుంటాయి. ఎంటీఏ అన్న మాట పేరులో ఉన్నంత మాత్రాన ఏదైనా ఈ కుటుంబంలోకి రాదు. ఎంటీఏ ఫిల్లాపెక్స్‌లో సిమెంటు కొద్ది భాగమే, దాన్ని పట్టి ఉంచేది సాలిసిలేట్ రెజిన్. పోలిక చేసే వ్యాసాలు కొన్ని వీటన్నిటినీ ఒకే గంపలో వేసి సగటు తీస్తాయి. ఆ సగటుకు నా దృష్టిలో అర్థం లేదు.

ఇప్పుడు ఇందాకటి 3 శాతం దగ్గరికి తిరిగి వస్తాను. కొన్ని బయోసిరామిక్ సీలర్లు ఈ పరీక్షలో ఆ హద్దును దాటుతున్నాయి, కొన్ని అధ్యయనాలలో బాగా ఎక్కువగానే దాటుతున్నాయి. అంటే ఇవి ప్రమాణానికి తగనివా? పరీక్ష ఎలా చేస్తారో చూడండి. సీలర్‌తో చేసిన బిళ్లను శుద్ధజలంలో 24 గంటలు ఉంచి, ఎంత బరువు తగ్గిందో కొలుస్తారు. శుద్ధజలంలో ఫాస్ఫేట్ లేదు. శరీర ద్రవంలో అయితే బయటికి వచ్చిన కాల్షియంలో కొంత ఫాస్ఫేట్‌తో కలిసి తిరిగి బిళ్ల మీదే పేరుకుంటుంది, అక్కడ పోయిన బరువు లెక్క వేరుగా ఉంటుంది. నీటితో సంబంధం పెట్టుకోని పదార్థాల కోసం రూపొందించిన పరీక్షతో, నీటి మీదే ఆధారపడిన పదార్థాన్ని కొలుస్తున్నాం. తడి కావలసిన సీలర్లు గట్టిపడే సమయాన్ని కొలిచేటప్పుడు తడిని అందించే జిప్సమ్ అచ్చు వాడాలని ప్రమాణం 2012లో సవరించుకుంది. అంటే ఈ చిక్కు దాన్ని రాసినవారికీ తెలుసు. అలాగని కరుగుదల అంతా మంచికేనని వాదించేవారితోనూ నేను ఏకీభవించను. పేరుకునేది ఉపరితలం మీద. లోపల ఏర్పడే రంధ్రాలు లోపలే ఉంటాయి. కాల్షియం హైడ్రాక్సైడ్ సీలర్ల గురించి నేను ఎత్తి చూపిన లోపం ఇక్కడ తక్కువ మోతాదులో ఉంది, పూర్తిగా మాయం కాలేదు.

ఇందుకే ఒకే పుల్ల పద్ధతి విషయంలో నాకు కొంత సంకోచం ఉంది. గట్టాపెర్చా ఎక్కువ, సీలర్ తక్కువ అన్నది మన పాత సూత్రం, ఎందుకంటే ముడుచుకునేదీ కరిగేదీ సీలరే. బయోసిరామిక్‌తో ఒక పుల్ల పెట్టి, మిగిలిన చోటంతా సీలర్‌తోనే నింపడం ఆ సూత్రాన్ని తలకిందులు చేసింది. గుండ్రని సన్నని కాలువలో పుల్ల గోడకు దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్కడ నాకు అభ్యంతరం లేదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న కాలువలో గుండ్రని పుల్ల పెడితే రెండు పక్కలా సీలర్ మడుగులు మిగులుతాయి. అటువంటి చోట అదనపు పుల్లలతోనో వేడి పద్ధతితోనో ఖాళీని తగ్గించడం మంచిది. వేడి చేసేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. నీటి ఆధారంగా గట్టిపడే కొన్ని సీలర్లు వేడికి తమ నీటిని పోగొట్టుకుని చిక్కబడతాయి, కాబట్టి వేడికి తగినట్టు తయారైన రకాన్నే వాడాలి.

ఇక్కడ ముందు వరుసలోని ఒక విద్యార్థిని చెయ్యెత్తి, "సార్, ఇవన్నీ సరే, రోగి పన్ను దేనితో ఎక్కువగా నయమవుతుంది?" అని అడిగారు. సూటిగా జవాబు చెబుతాను. ఒకే పుల్ల, బయోసిరామిక్ సీలర్‌తో చికిత్స చేసిన 307 పళ్లను తిరిగి పరిశీలించి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనం 90.9 శాతం విజయాన్ని చూపింది. అందులో పోల్చడానికి రెండో వర్గం లేదు కాబట్టి, ఈ పద్ధతి బాగా పనిచేయగలదని మాత్రమే అది చెబుతుంది, ఇతర పద్ధతులకన్నా మెరుగని చెప్పదు. ఎపాక్సీని, బయోసిరామిక్‌ను పక్కపక్కన పెట్టి రోగులలో చేసిన పరిశీలనలలో చాలావాటిలో ఇంతవరకు నయమయ్యే తీరులో గానీ, చికిత్స తర్వాతి నొప్పిలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. దీనికి పక్కన ఇంకో రెండు సంఖ్యలు పెట్టండి. 1997లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, పూడ్చే సమయానికి కాలువలో బాక్టీరియా పెరగని పళ్లలో 94 శాతం నయమైతే, బాక్టీరియా ఉన్న పళ్లలో 68 శాతమే నయమయ్యాయి. 1995లో 1,010 పళ్ల ఎక్స్‌రేలను చూసిన రే, ట్రోప్ లెక్కలో, కాలువ పూడిక, పైకట్టు (పైన వేసిన ఫిల్లింగ్ లేదా క్యాప్) రెండూ బాగున్నచోట 91.4 శాతం పళ్లలో కొన దగ్గర వాపు లేదు; రెండూ బాగా లేనిచోట అది 18.1 శాతం. సీలర్ మార్చితే ఇంత తేడా తెచ్చిన అధ్యయనం ఒక్కటి కూడా నా కంట పడలేదు.

అలాంటప్పుడు వేల సంఖ్యలో ప్రయోగశాల పోలికలు ఎందుకు వచ్చాయని మీరు అడగవచ్చు. రంగునీటిలో పళ్లను ముంచి రంగు ఎంత లోతుకు పోయిందో కొలవడం సులభం, కాబట్టి అవి వచ్చాయి. ఆ లీకేజీ పరీక్షల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడంతో, వాటికి రోగి నోట్లో జరిగేదానితో సంబంధం తేలకపోవడంతో, 2007లో జర్నల్ ఆఫ్ ఎండోడాంటిక్స్ సంపాదకవర్గమే అలాంటి పోలిక వ్యాసాల పట్ల తన విముఖతను ప్రకటించింది. గోడ నుంచి ఊడదీసే పరీక్షలకూ దాదాపు అదే గతి పట్టవచ్చని నా అనుమానం. నోట్లో ఎవరూ పుల్లను వెనక నుంచి నెట్టరు కదా.

తేడా నిజంగా మన చేతిలో ఉన్నది ఆరబెట్టే దగ్గర. ఎపాక్సీ వాడేటప్పుడు పేపర్ పాయింట్లు, అంటే తడి పీల్చే సన్నని కాగితపు పుల్లలు, పొడిగా బయటికి వచ్చేదాకా ఆరబెట్టాలి. ఫైళ్లు గీకినప్పుడు గోడకు పట్టే సన్నని చెత్త పొరను (స్మియర్ పొరను), కాల్షియాన్ని పట్టుకునే 17 శాతం ఈడీటీఏ ద్రావణంతో తీసివేసి ఉంటే అది నాళికల్లోకి మరింత చక్కగా దిగుతుంది. సిరంజిలో వచ్చే బయోసిరామిక్‌కు ఇదే అలవాటు చేటు. మొదట్లో నేనూ ఎపాక్సీ అలవాటుతోనే కాలువను ఆల్కహాలుతో కడిగి ఎండగట్టి, ఆ తర్వాత బయోసిరామిక్ వేసేవాడిని. గట్టిపడటానికి దానికి కావలసిన నీటిని నేనే తుడిచేస్తున్నానని గ్రహించడానికి సమయం పట్టింది. డెంటిన్ తడి స్థాయిలను పోల్చి 2012లో వచ్చిన ఒక అధ్యయనం కూడా, కాలువను పూర్తిగా ఎండగట్టడంకన్నా లేత తడి మిగల్చడం మేలని సూచించింది. లేత తడి అంటే గోడ మెరవాలి, నీరు నిలవకూడదు. కాలువలో నీరు నిలిచి ఉంటే ఏ సీలరైనా పలచబడుతుంది. ఇక కొన నుంచి రక్తమో చీమో ఊరుతూనే ఉంటే, సీలర్ ఎంపిక గురించి ఆలోచించడం ఆపి, కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి, మరో రోజు రమ్మని చెప్పడమే సరైన పని. చివరిసారి కడిగిన ఈడీటీఏ కాలువలో మిగిలితే అది సిమెంటులోని కాల్షియాన్ని పట్టుకుని గట్టిపడే చర్యకు అడ్డు తగలవచ్చు; దాన్ని బాగా కడిగివేయాలి.

మరి నేను ఏది వాడుతున్నాను? సన్నని, గుండ్రని కాలువలు, కొన తెరుచుకుని ఉన్న లేత పంటి వేర్లు, చిల్లు పడినచోటికి దగ్గరగా పూడ్చవలసిన సందర్భాలు అయితే బయోసిరామిక్ వైపు మొగ్గుతాను, ఎందుకంటే అటువంటి చోట్ల పూర్తిగా ఆరబెట్టడం అసాధ్యం, కణజాలానికి తగిలినా అది సహిస్తుంది. వెడల్పాటి వంకర ఆకారపు కాలువలను వేడిచేసిన గట్టాపెర్చాతో నింపేటప్పుడు, పన్ను తిరిగి తెరవవలసి రావచ్చని అనుమానం ఉన్నప్పుడు ఎపాక్సీయే నా చేతికి వస్తుంది. ఆ రెండో మాటకు కారణం చెప్పాలి. గట్టిపడిన బయోసిరామిక్‌ను కరిగించే ద్రావణి మన దగ్గర లేదు. గట్టాపెర్చా పుల్ల కొన దాకా వెళ్లి ఉంటే దాని దారిలోనే ఫైలు దిగుతుంది. పుల్ల రెండు మిల్లీమీటర్లు ముందే ఆగిపోయి, ఆ మిగిలిన చోటును సీలర్ ఒక్కటే నింపి ఉంటే, అక్కడికి తిరిగి చేరడం చాలాసార్లు సాధ్యం కాదు. కాబట్టి ఈ సీలర్ వాడేవారు పుల్ల పొడవును ఎక్స్‌రేలో సరిచూసుకున్న తర్వాతే సిరంజి ముట్టుకోవాలి. సిరంజి మూత కూడా వెంటనే బిగించాలి. గాలిలోని తేమ తగిలితే నాజిల్‌లో ఉన్నది అక్కడే గట్టిపడుతుంది.

ఇంకొక్క మనవితో ముగిస్తాను. కేస్ షీటులో మనం కాలువ పొడవు రాస్తాం, ఫైలు సైజు రాస్తాం, సీలర్ పేరు మాత్రం రాయం. ఎక్స్‌రేలో అన్నీ తెల్లగానే కనిపిస్తాయి. పదేళ్ల తర్వాత ఆ పన్నును తెరిచే మరో వైద్యుడికి, లోపల ఉన్నది ద్రావణికి లొంగేదా లేక సిమెంటా అన్నది ముందే తెలిస్తే ఆయన వేరే పరికరాలతో, వేరే ప్రణాళికతో కూర్చుంటాడు. సీలర్ పేరు, రకం, పుల్ల ఎంత దాకా వెళ్లిందీ ఒక్క పంక్తిలో రాయడానికి అర నిమిషం కూడా పట్టదు.